ఫీజు కట్టాక చెబితే ఏం లాభం?

రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట, గంజాం తీరంలో తరతరాలుగా ఉంటున్న తెలుగు జాలరులకు తాబేళ్ల రాక కొత్త కాదు. 2025 ఫిబ్రవరిలో ఆరు లక్షలకు పైగా ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడి ఇసుకలో గుడ్లు పెట్టాయి. అది చూస్తూ పెరిగిన పిల్ల వన్యప్రాణి శాస్త్రం చదువుతాను, అమెరికా పంపమంటే తండ్రి ఏమంటాడు? ‘సాఫ్ట్‌వేర్ అయితే సరే, తాబేళ్లతో ఏం తింటావే?’ అంటాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది పిల్ల కాదు, ఆమెను చేర్చుకునే యూనివర్సిటీ.

కన్సల్టెన్సీ వాళ్లకు తెలిసిన దారి ఒకటే. పరీక్ష రాయి, నాలుగైదు చోట్ల అప్లై చెయ్యి, బ్యాంకు లోను తెచ్చుకో. వన్యప్రాణి ఎమ్మెస్‌కు ఆ లెక్క కుదరదు. ముందు ప్రొఫెసర్‌ను వెతుక్కోవాలి. ఆయన దగ్గర ప్రాజెక్టు సొమ్ము ఉండి అసిస్టెంట్‌షిప్ ఇస్తే ఫీజు చాలావరకు మాఫీ అవుతుంది, నెల ఖర్చులకూ కొంత వస్తుంది. అది చేతికి రాకుండా విమానం ఎక్కితే పొలం తాకట్టే.

చదువు అయ్యాక అసలు చిక్కు. ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీసు, నేషనల్ పార్క్ సర్వీసు లాంటి కేంద్ర శాఖల ఉద్యోగాలు దాదాపుగా ఆ దేశ పౌరులకే. విదేశీ విద్యార్థికి చదువు తర్వాత పనికి మామూలుగా దొరికే గడువు ఏడాది. అందులో మొత్తం 90 రోజులకు మించి పని లేకుండా ఉండకూడదు. కొత్తవాళ్లకు దొరికేవేమో నాలుగైదు నెలల సీజన్ పనులు, కొన్నిచోట్ల జీతం కూడా ఉండదు. అనుభవం వస్తుంది కదా అంటారు. అనుభవంతో ఇంటద్దె తీరుతుందా? డబ్బున్న ఇంటి పిల్లలే ఈ వృత్తిలో మిగలడానికి కారణం ఇదే.

ఈ సంగతులన్నీ సీటు ఇచ్చే ఉత్తరంలోనే రాయాలి. చేయించుకున్న పనికి కూలి ఇవ్వాలి. విదేశీయులను తీసుకునే సంస్థలేవో చెప్పి పరిచయం చేసే మనిషి ప్రతి డిపార్టుమెంటులో ఒకరు ఉండాలి. అక్కడి తెలుగు సంఘాలు కూడా, సభలకు సినిమావాళ్లను రప్పించే ఖర్చులో ఓ పిసరు ఇటు మళ్లిస్తే తప్పేమీ లేదు.

అప్పు చేసే స్తోమత లేనివాళ్లకు బెంగళూరులోని ఎన్‌సీబీఎస్, డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ ఎమ్మెస్సీలున్నాయి. ఎటు వెళ్లినా ఒక పని ఇక్కడే చేసుకోవచ్చు. పరిశోధకుల వెంట రాత్రుళ్లు తాబేళ్లు లెక్కపెట్టిన పిల్లలు, ఆ సంగతి రాసి సంతకం పెట్టిన ఉత్తరం వాళ్లు ఊరు విడిచేలోగా అడిగి తీసుకోవాలి.