ఆరింటికా ఉపన్యాసం?

మ్యూజియంలో చిత్రకళ మీద, ఫోటోగ్రఫీ మీద ఉపన్యాసమట. ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే అని మెసేజ్ వచ్చింది. సాయంత్రం ఆరింటికి, అదీ ఇంగ్లీషులో! ఆ వేళకి పిల్లలు ట్యూషన్ నుంచి ఆకలితో వస్తారు, పొయ్యి మీద కుక్కర్ ఉంటుంది. ఆ 'అందరూ'లో మనం ఉన్నట్టా, లేనట్టా?

మనకి ఆసక్తి ఉండదనుకుంటారు కాబోలు. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి అచ్చు వేయించిన లక్ష్మి, సరస్వతి బొమ్మలు చేరింది మన దేవుడి గదులకే కదండీ! వాటికి రోజూ బొట్టు పెట్టే మా అత్తయ్యగారిని అడగండి, ఆ చీరకట్టు గురించి, నగల గురించి గంటసేపు చెప్తారు.

ఫోటోల సంగతి చూడండి. ఆరో నిజాం దగ్గర ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళకోసమే జెనానా స్టూడియో పెట్టారు. పరదాలో ఉండేవాళ్ళు మగవాళ్ళ ఎదుటికి రారని, దాని బాధ్యత ఓ ఇంగ్లీషావిడకి అప్పగించారు. ఎవరు రాలేకపోతున్నారు, ఎందుకు అని ఆయన అప్పుడే ఆలోచించారు.

మరి ఇప్పుడు పగలు పదకొండింటికి, తెలుగులో ఒక్కటి పెట్టలేరా? ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళకి ఆదివారం ఇంకోటి పెట్టండి. నేనైతే అత్తయ్యగారిని వెంటపెట్టుకుని వస్తాను. ఆవిడకి మాత్రం ముందు వరసలో కుర్చీ వెయ్యాలి, మోకాళ్ళ నొప్పులు.