మాట రాని బిడ్డకు మన మాట ఇవ్వమా?



పోస్టు పొడుగే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి. సగంలో ఆపి కింద దండం బొమ్మ పెట్టి మాత్రం వెళ్లిపోకండి.

ఈ ఉగాది సభలో మన కుటుంబాల్లో మాట రాని పిల్లలకు, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు 20 ట్యాబ్లెట్లు పంచాలని కార్యవర్గం అనుకుంటోంది. అనుకున్నవారి మనసు మంచిదే. నా పేచీ అంతా పని జరగబోయే తీరు మీద. బిడ్డను వేదిక ఎక్కించి, పెట్టె చేతికిచ్చి, శాలువా వేసిన దాతను పక్కన నిలబెట్టి, ఫోటో తీసి, మర్నాడు గ్రూపులో పెడితే మన బాధ్యత తీరిపోతుందా? ఆ పెట్టె ఏ భాషలో మాట్లాడుతుందని ఒక్కరైనా అడిగారా? నేను అడిగితే వచ్చిన జవాబు, 'ఇంగ్లీషు ఉంటుంది, తమిళం కూడా ఉండొచ్చు, ఇంకేం కావాలి?'

ఇంకేం కావాలో చెబుతాను.

ముందు ఈ యాప్‌లు ఏం చేస్తాయో తెలియనివారికి రెండు ముక్కలు. తెర మీద బొమ్మల గళ్లు ఉంటాయి. బిడ్డ ఒక గడిని తాకితే ట్యాబ్లెట్ ఆ మాట పలుకుతుంది. రెండు మూడు గళ్లు వరసగా తాకితే వాక్యమవుతుంది. నోటితో చెప్పలేని బిడ్డ వేలితో చెబుతాడు, అంతే. దీనికి ఎక్కడో అమెరికా వైపు చూడనక్కర్లేదు. ఆవాజ్ అనే పరికరం పుట్టింది మన చెన్నైలోనే. ఐఐటీ మద్రాసులో చదివిన అజిత్ నారాయణన్, కోట్టూర్‌పురంలోని విద్యాసాగర్ సంస్థ పిల్లలతో, టీచర్లతో కలిసి దాన్ని తయారు చేశారు. మొదట అది విడి పరికరం, తరవాత ట్యాబ్లెట్ యాప్ అయింది. ఆ పనికే 2011లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ ఆయన్ను 35 ఏళ్లలోపు ఆవిష్కర్తల జాబితాలో చేర్చింది. ఐఐటీ బొంబాయి వాళ్లు జెల్లో అనే యాప్‌ను ఉచితంగానే ఇస్తున్నారు. కాబట్టి మనకు కొరత యంత్రానిది కాదు, అందులో పెట్టే మాటలది.

మన ఇళ్ల సంగతి మనకు తెలుసు. మూడు నాలుగు తరాలుగా ఇక్కడ ఉన్నాం. వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ఆ తెలుగు కూడా విజయవాడ టీవీ తెలుగు కాదు. మన ఇళ్లలో నాన్నను నైనా అంటాం, అమ్మమ్మను అవ్వ అంటాం. వంటింట్లో, దేవుడి గూటి దగ్గర, కోపంలో, ముద్దులో వచ్చేది ఆ భాషే. మామూలు బిడ్డ మూడు భాషలూ విని మూడూ పట్టుకుంటాడు. మాట రాని బిడ్డ కూడా మూడూ వింటాడు, చాలావరకు అర్థం చేసుకుంటాడు. అయితే జవాబు చెప్పడానికి వాడి చేతికి ఒక్క భాషే ఇస్తాం. అదీ ఇంట్లో ఎవరూ వాడని భాష!

నాకు బాగా తెలిసిన ఒక ఇంట్లో తొమ్మిదేళ్ల అబ్బాయికి స్పెషల్ స్కూల్ వాళ్లు ట్యాబ్లెట్‌లో ఇంగ్లీషు గళ్లు పెట్టిచ్చారు. పగలంతా వాణ్ని చూసుకునేది వాళ్ల అవ్వ. ఆమెకు ఇంగ్లీషు రాదు. వాడు గడి నొక్కితే యంత్రం 'స్టమక్' అంటుంది, 'పెయిన్' అంటుంది. ఆమెకు అది యంత్రం చేసే చప్పుడే. వాడు పదిసార్లు నొక్కి, విసిగి, ట్యాబ్లెట్ విసిరేస్తే 'మొండితనం ఎక్కువైంది' అని వాడి ఫైల్లో రాశారు. మొండితనం ఎవరిది? కడుపు నొస్తోందని చెప్పిన బిడ్డదా, అవ్వకు అర్థమయ్యే భాషలో చెప్పే వీలు వాడికి ఇవ్వని పెద్దలదా?

ఇక్కడ ఒక తెలివైనవారు లేస్తారు. 'దానిదేముంది, ఇంగ్లీషు పలకనే తెలుగులోకి మార్చేస్తే సరి' అంటారు. సరికాదు. ఇంగ్లీషు వరసలో 'ఐ', 'వాంట్', 'వాటర్' అని మూడు గళ్లుంటాయి. మక్కీకి మక్కీ మారిస్తే 'నేను కావాలి నీళ్లు' అని పలుకుతుంది. ఏ తెలుగు బిడ్డ అలా అడుగుతాడు? మనకు 'నాకు నీళ్లు కావాలి'. ఆకలైనా నాకే, నొప్పైనా నాకే, భయమైనా నాకే. కాబట్టి మన పలకలో ముందుండాల్సిన గడి 'నాకు'. క్రియ చివర రావాలి.

ఇంకొకటి చూడండి. ఇంగ్లీషులో 'నో' ఒక్కటే గడి. మనకు కనీసం మూడు కావాలి: వద్దు, లేదు, కాదు. 'అన్నం వద్దు' వేరు, 'అన్నం లేదు' వేరు, 'అది అన్నం కాదు' వేరు. పసిబిడ్డ ముందుగా నేర్చుకునే మాటల్లో వద్దు ఒకటి. మాట రాని బిడ్డకు అన్నిటికన్నా ముందు కావాల్సింది కూడా అదే. ముట్టుకోవద్దు అని చెప్పలేని బిడ్డకు ఈ లోకంలో రక్షణ లేదని వేరే చెప్పాలా? ఆడపిల్లల తల్లులకు ఈ వాక్యం ఎందుకు రాశానో తెలుసు.

తమిళ పలక దొరికితే సగం పని అయినట్టే, అదీ చెప్పాలి. రెండు భాషల నడక ఒకటే. 'ఎనక్కు' ఉన్నచోట 'నాకు', 'వేండుం' ఉన్నచోట 'కావాలి', 'వేండాం' ఉన్నచోట 'వద్దు', 'పోదుం' ఉన్నచోట 'చాలు' పెట్టుకోవచ్చు. 'ఇల్లై' దగ్గర మాత్రం ఆగి, లేదా కాదా అని రెండు గళ్లు చెయ్యాలి. తమిళం మీద నాకు ద్వేషమేమీ లేదు. బస్సులో, బడిలో, అంగట్లో బిడ్డకు అది కావాలి. ఒకే ట్యాబ్లెట్‌లో రెండు పలకలుండొచ్చు, బడికి ఒకటి, ఇంటికి ఒకటి. పెద్దలమంతా రోజూ చేస్తున్నది అదే కదా!

ఇక నిపుణుల మాట. 'ఒకే భాషలో మాట్లాడండి, రెండు భాషలైతే పిల్లాడు గందరగోళపడతాడు' అని చాలా క్లినిక్కుల్లో ఇప్పటికీ చెబుతున్నారు. ఆ ఒకే భాష ఎప్పుడూ ఇంగ్లీషే అవుతుంది, విచిత్రం! రెండు భాషల ఇళ్లలో పెరిగే ఆటిజం పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో, రెండో భాష వల్ల వాళ్లు అదనంగా వెనకబడ్డారని తేలలేదు. వాళ్ల సలహా విని ఏం జరుగుతోందో చూడండి. తల్లి తనకు సరిగా రాని ఇంగ్లీషులో ముక్కలు ముక్కలుగా మాట్లాడటం మొదలుపెడుతుంది. జోలపాట ఆగిపోతుంది. అవ్వ నోరు మూసుకుంటుంది. బిడ్డకు రెండో భాష తీసేశామనుకుంటాం, నిజానికి తీసేసింది మనుషుల్ని.

మరో మాట మన ఇళ్లలోనే పుడుతుంది. 'ట్యాబ్లెట్ అలవాటైతే ఇక నోరు తెరవడు, సోమరి అవుతాడు.' ఈ భయం సహజం. అయితే దీన్ని పరీక్షించి చూసినవారున్నారు. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను వడగట్టి, గట్టి ఆధారాలున్న 27 మందిని పరిశీలించారు. ఇలాంటి సాధనాల వల్ల మాట తగ్గినవారు ఒక్కరూ లేరు. 89 శాతం మందిలో ఎంతో కొంత మాట పెరిగింది, మిగిలినవారిలో మార్పు లేదు. 2014లో కానీ కాసరి బృందం, మాటలు చాలా తక్కువగా ఉన్న 61 మంది ఆటిజం పిల్లలతో చేసిన అధ్యయనంలో, మొదటి రోజు నుంచే మాట్లాడే పరికరం ఇచ్చిన పిల్లలు ఇవ్వనివారికన్నా మెరుగ్గా ముందుకెళ్లారు. 'ఇంకో ఏడాది చూద్దాం, మాటలొస్తాయేమో' అని ఆపడంలోనే నష్టం ఉంది. కళ్లజోడు పెడితే కళ్లు సోమరిపోతాయని ఎవరమూ అనం కదా.

చట్టం మన వెనక ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 'కమ్యూనికేషన్' అంటే ఏమిటో చెబుతూ అందులో ఇలాంటి ప్రత్యామ్నాయ మార్గాలను పేరు పెట్టి చేర్చారు. మాట, భాష ఇబ్బందులున్నవారి రోజువారీ అవసరాలకు వీటిని ప్రోత్సహించడం ప్రభుత్వాల బాధ్యతని 17వ సెక్షన్ చెబుతోంది. రాజ్యాంగం 350ఎ అధికరణ, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే ఏర్పాటు ఉండాలంటోంది. ఈ రెండూ కలిపి చదివితే మాట రాని తెలుగు బిడ్డకు తెలుగు పలక అడిగే బలం మనకుంది. అడగడానికి మనకు నోరుంది. ఆ బిడ్డకు లేనిది అదే.

2006 తమిళ చట్టం వచ్చాక పదో తరగతిలో మన పిల్లలకు తెలుగు పరీక్ష పోకూడదని వినతిపత్రాలిచ్చాం, కోర్టుల దాకా వెళ్లాం. సరైన పోరాటమే. కానీ ఆ పోరాటమంతా రాయగలిగిన, మాట్లాడగలిగిన పిల్లల కోసం. తెలుగు వెలగాలని ప్రతి సభలో ఉపన్యాసాలు దంచే మనం, తెలుగు విని అర్థం చేసుకుని కూడా ఒక్క తెలుగు మాట బయట పెట్టలేని బిడ్డల గురించి ఎన్నడైనా ఒక తీర్మానం చేశామా? మన సభల్లో ఆ పిల్లలు ఎక్కడుంటారు? గట్టిగా అరుస్తారని తల్లులే తీసుకురారు. వస్తే వెనక వరసలో, తలుపు పక్కన.

ట్యాబ్లెట్లు వద్దని నేననడం లేదు. పెట్టె ఇచ్చి చేతులు దులుపుకోవద్దు అంటున్నాను. అలా ఇస్తే ఏమవుతుందో నాకంటే మీకే తెలుసు. నెల తిరిగేసరికి అందులో యూట్యూబ్ ఉంటుంది, లేదా పెద్దబ్బాయి ఆటలుంటాయి, లేదా 'పాడవుతుంది' అని బీరువాలో ఉంటుంది. గోల చేస్తే 'ట్యాబ్లెట్ లాక్కుంటా' అని బెదిరించే ఇళ్లూ ఉన్నాయి. మాట్లాడే బిడ్డ అల్లరి చేస్తే నాలుక లాక్కుంటామా?

అందుకని కార్యవర్గం ముందు నా ప్రతిపాదనలు ఇవి.

ఒకటి. 20 కొనే డబ్బులో 12 కొనండి. మిగిలిన డబ్బు తల్లిదండ్రుల శిక్షణకు పెట్టండి. ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ 1984 నుంచి నడుస్తోంది, అక్కడ తెలుగులో పనిచేసిన టీచర్లు దొరుకుతారు. ఉత్తరం రాయడానికి మనకు లెటర్‌హెడ్ ఉంది.

రెండు. మన మాటల జాబితా మనమే తయారు చేద్దాం. రోజంతా మనం మాట్లాడేదాంట్లో ఎక్కువ భాగం కొన్ని వందల మాటలతోనే గడిచిపోతుంది. నాకు, నువ్వు, కావాలి, వద్దు, ఇంకా, చాలు, అయిపోయింది, రా, పో, ఇయ్యి, చూడు, నొప్పి, భయం. వాటి పక్కన అవ్వ, నైనా, మామ, సాంబారు, పెరుగన్నం, గుడి. యంత్రం గొంతు నచ్చకపోతే అన్నో అక్కో పలికి రికార్డు చేసి పెట్టొచ్చు. పదేళ్ల పాప పలకలో పదేళ్ల పాప గొంతే ఉండాలి.

మూడు. ఇంట్లో పెద్దలు కూడా గళ్లు తాకుతూ మాట్లాడాలి. మనం బిడ్డకు మాట నేర్పేది మాట్లాడే కదా, పరీక్ష పెట్టి కాదు. 'ఇదేంటి చెప్పు, అదేంటి చెప్పు' అని ట్యాబ్లెట్‌ను ప్రశ్నపత్రం చెయ్యకండి.

నాలుగు. ప్రతి ట్యాబ్లెట్‌తో పాటు అవే గళ్లున్న అట్ట ఒకటి ఇవ్వండి. ఛార్జింగ్ అయిపోయినా, వానలో తడిసినా, స్నానాల గదిలోనైనా బిడ్డకు మాట ఉండాలి. దాని ఖర్చు ఒక శాలువా ఖరీదు కూడా కాదు.

ఐదు. వేదిక మీద పంపకం వద్దు, పిల్లల ఫోటోలు వద్దు. ఇళ్లకు వెళ్లి ఇద్దాం. ఆరు నెలల తరవాత మళ్లీ వెళ్లి ఎలా ఉందో చూద్దాం.

'నువ్వే చెయ్యొచ్చు కదా' అంటారని తెలుసు. జాబితా పని నేను తీసుకుంటాను. అక్కలు, వదినలు, అవ్వలు మీ ఇళ్లలో బిడ్డలతో వాడే మాటలు కింద రాయండి. పుస్తకాల తెలుగు వద్దు, నోటికి ఎలా వస్తే అలా రాయండి. హోసూరు, తిరుత్తణి, కోయంబత్తూరు వైపు వాళ్లు మీ మాటలూ చేర్చండి. బళ్లారి, బరంపురం, షోలాపూర్‌లో ఉన్న మన బంధువులకు పంపండి. వాళ్ల ఇళ్లలోనూ ఇదే కథ, పక్కన కన్నడమో ఒడియానో మరాఠీయో ఉంటుంది, అంతే తేడా.

వచ్చే కార్యవర్గ సమావేశంలో ఇది చర్చకు రాకపోతే నేనే లేచి అడుగుతాను. ఇష్టం లేనివారు వద్దు అనొచ్చు. ఆ మాట అనగలగడం ఎంత అదృష్టమో ఒక్క క్షణం ఆలోచించి మరీ అనండి.