కంపెనీ చిట్టాలో బొగ్గుపులుసు పద్దు



అంగడిలో సబ్బుపెట్టె మీదను, బట్టల చీటి మీదను "కర్బన తటస్థము" అను మాట యీనాడు తఱచుగా కానవచ్చుచున్నది. తమ వస్తువువలన గాలికి భారమేమియు మిగులలేదని కంపెనీవారి భావము. అర్థమెఱుగని మాటకు అధికమగు వెల యిచ్చుట గృహిణికి తగదు. కావున కంపెనీల కర్బన పాదముద్ర యననేమో, అది తగ్గు త్రోవ యేదో యీ మాసము విచారింతము.

బొగ్గుపులుసు వాయువు, మీథేను మొదలగునవి భూమికి దుప్పటివలె కప్పి యుష్ణమును నిలుపును. కంపెనీ పనులవలన ఏటికిన్ని టన్నులు గాలిలో చేరినవని లెక్కించిన మొత్తమే దాని పాదముద్ర. నేడు పెక్కు దేశములవారు 2001లో వెలువడిన పద్ధతి ననుసరించి యీ చిట్టా వ్రాయుచున్నారు. అందు పద్దులు మూడు.

మొదటిది తన యావరణలోను, తన బండ్లలోను తాను కాల్చునది. డీజిలు లీటరు కాలినచో సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. లీటరు డీజిలు కిలో యైనను తూగదుగదా, యిదెట్లందురేమో! కాలునపుడు గాలిలోని ప్రాణవాయువు దానితో కూడుటయే కారణము. రెండవది కొనిన విద్యుత్తు. మన దేశమున నది యధికముగా బొగ్గువలననే కలుగుచున్నందున యూనిటుకు సుమారు 0.7 కిలో పడును. మూడవది ప్రహరీకి వెలుపలిది: ముడిసరకు, రవాణా, కొన్నవారి వాడుక, తుదకు పాఱవేయుట.

పలుతావుల నీ మూడవ పద్దే పెద్దది. అమెరికాలోని లీవై స్ట్రాస్ కంపెనీ 2015లో జీన్సు లాగు ఒక్కదాని లెక్క ప్రకటించెను. దాని జీవితకాలమున మొత్తము 33.4 కిలోలు, అందు కుట్టుటకు 2.6 కిలోలు మాత్రమే. వస్త్రము తయారుచేయుటకు 9 కిలోలు, కొన్నవారు ఉతికి యాఱబెట్టుటకు 12.5 కిలోలు. కుట్టుశాలలో దీపములార్పినంతనే సరిపోదని దీనివలన తెలియుచున్నది. చన్నీట నుతికి దండెముపై నాఱవేయు మన యిండ్ల వాడుక యెంత మేలైనదో కూడ తెలియుచున్నది. ఆ కంపెనీయే 2018లో, 2016తో పోల్చి 2025 నాటికి సొంత తావులలో నూటికి 90 వంతులు, సరకు సమకూర్చువారి యొద్ద 40 వంతులు తగ్గింపవలెనని లక్ష్యము పెట్టుకొనెను.

తగ్గించుటకు క్రమము గలదు. మొదట లెక్క, పిమ్మట వృథాను మాన్పుట, ఆవిరి గొట్టముల కారుదలలు మూయుట, బొగ్గుకు మాఱుగా సూర్యశక్తి వంటివి కొనుట, సరకు పంపువారిచేతను అట్లే చేయించుట. ఇంతయు చేసిన పిదప మిగిలినదానికే చెట్లు నాటుట. మొక్క మ్రానగుటకు ఏండ్లు పట్టును. ఈలోపల కాలిపోవచ్చును, నఱకబడవచ్చును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యన్న సామెత యిచట సరిపోవును.

మన దేశమున స్టాకు ఎక్స్ఛేంజీలలో చేరిన 1,000 పెద్ద కంపెనీలు 2022–23 నుండి యిట్టి వివరములు ప్రకటింపవలెనని సెబీ నియమించెను. మొదటి రెండు పద్దులు ముఖ్యప్రశ్నలలో చేరినవి. మూడవది మాత్రము కంపెనీల యిచ్ఛకు విడువబడినది.

కనుక "తటస్థము" అను చీటి కనబడినపుడు మూడు ప్రశ్నలడుగుడు: మూడు పద్దులును లెక్కించితిరా? ఏ యేటితో పోల్చి యెంత తగ్గించితిరి? చెట్లపేర చెల్లువేసినదెంత? షేర్లు గల సోదరీమణులు కంపెనీకి జాబు వ్రాసియు అడుగవచ్చును. ఉత్తరము తేటగా వచ్చినచో వెల యిచ్చుటకు సంకోచింపవలదు.