మనలో మాట: దండ కట్టిన చేతులు

ఈ వారం వంటింటి కబుర్లు కాస్త పక్కన పెట్టి, ఒక పాట సంగతి చెప్పుకుందాం.

మొన్న సాయంత్రం పెరట్లో కోసిన మల్లెమొగ్గలు ముందేసుకుని మాల కడుతున్నాను. పక్కింటి పాప నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. స్కూలు వార్షికోత్సవంలో "మా తెలుగు తల్లికి" పాట పాడుతోందట. "ఆంటీ, ఈ పాట ఎవరు రాశారు? టీచరు పేరు రాసుకు రమ్మన్నారు" అంది. నోరు తెరిచాను గానీ పేరు రాలేదు. చిన్నప్పుడు బడిలో ఎన్నిసార్లు పాడి ఉంటానో లెక్కే లేదు. పాటంతా నోటికి వచ్చు, రాసినాయన పేరు మాత్రం తెలీదు! సిగ్గేసిందంటే నమ్మండి. ఆ తర్వాత తెలుసుకున్న కబుర్లే ఇవన్నీ.

ఆయన పేరు శంకరంబాడి సుందరాచారి. 1914లో తిరుపతిలో పుట్టారు. ఇంకో విచిత్రం వినండి. ఆయన మాతృభాష తమిళం. ఇంట్లో మాట్లాడుకునే భాష అది, మనసు పారేసుకున్నది మాత్రం తెలుగు మీద.

కుర్రతనంలోనే ఇల్లు వదిలి వచ్చేశారు. పొట్ట గడవాలి కదా! తిరుపతిలో హోటల్లో సర్వరుగా పనిచేశారు. రేణిగుంట రైల్వే స్టేషన్లో కూలీగా మూటలు మోశారు. తర్వాత ఆంధ్రపత్రికలో ప్రూఫులు దిద్దారు. విద్యాశాఖలో ఉద్యోగం దొరికితే అక్కడా ఇమడలేక వదులుకున్నారు. కంచిలో పంతులుగా పిల్లలకు పాఠాలు చెప్పారు. ఇన్ని పనులు మారినా కలం మాత్రం వదల్లేదు. రవీంద్రనాథ్ ఠాగూరు గీతాంజలిని తెలుగులోకి తెచ్చినవాళ్ళలో ఈయన కూడా ఒకరు.

ఆ పాట పుట్టింది 1942లో, "దీనబంధు" సినిమా కోసం. ఎలాంటి సంవత్సరమండీ అది! రెండో ప్రపంచ యుద్ధం మన గుమ్మం దాకా వచ్చేసింది. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మద్రాసులో జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకు వెళ్ళిపోయారు. ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం మొదలై నాయకులంతా జైళ్ళకు పోయారు. పైగా అప్పటికి తెలుగువాళ్ళకంటూ ఒక రాష్ట్రమే లేదు. కోస్తా, రాయలసీమ మద్రాసు రాజధానిలో, తెలంగాణ నిజాం ఏలుబడిలో. ఒకే భాష మాట్లాడేవాళ్ళు వేరువేరు పాలనల్లో ఉన్నారు.

అలాంటి రోజుల్లో ఆయన చేసిన పని చూడండి. ఓరుగల్లును ఏలిన రుద్రమ్మనూ, పతిభక్తికి పేరుపడ్డ మల్లమ్మనూ, అమరావతి శిల్పాలనూ, త్యాగయ్య గొంతునూ, తిక్కన కలాన్నీ, తిమ్మరుసు తెలివినీ, కృష్ణరాయల కీర్తినీ ఏరి తెచ్చి ఒకే మాలగా కట్టేశారు. పటంలో హద్దులు ఎలా ఉన్నా, పాటలో మాత్రం అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టారు. ఆ తల్లికి వేసింది బంగారు హారం కాదు, మల్లెపూల దండ. మల్లెలంటే ఎవరి పెరట్లోనైనా పూసేవేగా! మూటలు మోసిన చేతులు పేదింటివాళ్ళు కూడా ఇవ్వగలిగిన కానుకే ఎంచుకున్నాయని నాకు అనిపిస్తుంది.

రాసినంత మాత్రాన పాట ఊళ్ళు తిరగదుగా, పాడే గొంతు కావాలి. ఆ గొంతు ఓ ఆడపిల్లది. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి తమ్ముడి కూతురు సూర్యకుమారి. 1925లో పుట్టిన ఆమె చిన్నతనం నుంచే సినిమాల్లో నటిస్తూ, పాడుతూ ఉండేది. ఆమె పాడిన గ్రామఫోను రికార్డుతో ఆ పాట ఇల్లిల్లూ చేరింది. తర్వాత ఆమె విదేశాలకు వెళ్ళి, న్యూయార్కులో ఠాగూరు నాటకంలో నటించి పేరు తెచ్చుకుంది. 2005లో లండన్‌లో కన్నుమూసింది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు ఘనంగా జరిగాయి. ఈ పాట రాష్ట్ర గీతమై కూర్చుంది.

మరి రాసినాయన? అక్కడే నా మనసు చివుక్కుమంది. ఆ మహాసభలు జరిగిన రెండేళ్ళకే, 1977 ఏప్రిల్ 8న సుందరాచారిగారు తిరుపతిలో పోయారు. చివరి రోజులు పేదరికంలోనే గడిచాయి. తిరుపతిలో ఆయన విగ్రహం నిలబెట్టింది 2004లో. పోయిన ఇరవై ఏడేళ్ళకన్నమాట! తల్లికి దండ వేశాం, దండ కట్టినాయన అన్నం తిన్నాడో లేదో అడిగామా?

ఈ మాట రాస్తుంటే ఇంకొకరు గుర్తుకొచ్చారు. తెలంగాణ 2024లో రాష్ట్ర గీతంగా ఎంచుకున్న "జయ జయహే తెలంగాణ" రాసిన అందెశ్రీగారు. ఆయన బడి మొహం చూడలేదు. గొర్రెలు కాశారు, తాపీపని చేశారు. ఇక్కడా అంతే, అక్కడా అంతే. కష్టం చేసిన చేతులే రెండు రాష్ట్రాలకూ పాటలు ఇచ్చాయి.

కష్టం ఒకరిదీ పేరు ఇంకొకరిదీ కావడం మనకు కొత్తేం కాదు. పండగ పూట పదిరకాలు వండి వడ్డిస్తే, "భోజనం బాగుంది" అని లేచిపోయేవాళ్ళే ఎక్కువ. వంట చేసినావిడ తిన్నదా అని ఒక్కరు అడిగితే ఎంత హాయిగా ఉంటుందో మనకు తెలీదూ? అందుకే ఈ సంగతి మనకు తొందరగా అర్థమవుతుంది.

కాబట్టి మనం చేయగలిగిన చిన్న పని ఒకటి ఉంది. పిల్లలకు ఏ పాట నేర్పినా ముందు రాసినవారి పేరు చెప్పి, తర్వాత పాట చెబుదాం. నోటుపుస్తకంలో పాటకు పైన ఆ పేరు రాయిద్దాం. ఖర్చు లేని పని, రెండు నిమిషాల పని. పక్కింటి పాపకు అలాగే రాయించాను. "ఆంటీ, ఆయన నిజంగా మూటలు మోశారా?" అని రెండుసార్లు అడిగింది. ఇంక ఆ పేరు మర్చిపోదులెండి.

మీ ఊరివాళ్ళో, మీ అమ్మమ్మో కట్టిన పాటలేమైనా ఉంటే వాటినీ పేర్లతో సహా రాసి పెట్టుకోండి. వచ్చే వారం మళ్ళీ కలుసుకుందాం.