కాల్‌షీటు ఆర్నెల్లు!

అనంతగిరి అనగానే మన సినిమావాళ్లకి ముందు గుర్తొచ్చేది లొకేషను. పొద్దున్నే హైదరాబాదులో వ్యానెక్కితే టిఫిను వేళకి కొండ మీదుంటారు. ఓ డ్యూయెట్ బిట్టూ, ఓ ఫైటూ లాగించేసి రాత్రికి ఇల్లు చేరొచ్చు. ప్రొడ్యూసరు గారికి లాడ్జి ఖర్చు మిగులు! అనంత పద్మనాభస్వామి గుడీ, మూసీ పుట్టిన చోటూ సరే... ఆ చెట్ల మధ్యే నిజాం కాలంనాటి టీబీ శానిటోరియం ఒకటుందని మీలో ఎంతమందికి తెలుసు? సరైన మందుల్లేని రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి... వైద్యమంటే ఇవే. అందుకే అలాంటి ఆస్పత్రులు కొండలెక్కాయి.

మన సినిమాల్లో టీబీ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? హీరో గారు దగ్గుతారు. తెల్ల జేబురుమాలు. దాని మీద ఎర్ర మరక. క్లోజప్! వెనక వయొలిన్లు ఏడుస్తాయి. నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా క్లైమాక్సు ఏమిటో అర్థమైపోతుంది. కానీ అసలు సంగతేమిటంటే, ఆ రోగి ఇవాళ బతుకుతాడు. మామూలు టీబీ అయితే ఆర్నెల్లు మందులు మానకుండా మింగితే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. సర్కారు దవాఖానాలో మందులు ఉచితం కూడాను. అమితాబ్ బచ్చన్ గారినే చూడండి. 2000లో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలుపెట్టిన రోజుల్లోనే తనకి టీబీ అని తెలిసిందని ఆయనే బాహాటంగా చెప్పారు. మందులు మింగారు, ప్రోగ్రామూ నడిపారు.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, వికారాబాదు వైపు నుంచి ఓ పాఠక మిత్రుడు ఉత్తరం రాశాడు. "మా హీరో పుట్టినరోజుకి రక్తదానం చేశాం, పళ్లు పంచాం. ఇంకేం చెయ్యమంటారు?" అని. మంచి ప్రశ్న! సేవ మన సినిమా లోకానికి కొత్తేమీ కాదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి వీధుల్లో తిరిగారు. 1998లో చిరంజీవి గారి బ్లడ్ బ్యాంకు వచ్చింది. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత పరిశ్రమ అంతా కలిసి 'మేము సైతం' అంది. అయితే మిత్రమా, ఉప్పెన ఒక్క రాత్రిలో వచ్చిపడుతుంది, లోకమంతా చూస్తుంది. క్షయ అలా రాదు. అలా పోదు కూడా.

మొన్న తాండూరు పక్క పల్లెకి నలుగురు కుర్రాళ్లతో కలిసి వెళ్లాను. చందాలు వేసుకుని నెలకోసారి రోగుల ఇళ్లకి సంచులు మోసే బృందం వాళ్లది. బియ్యం, కందిపప్పు, నూనె, పల్లీలు, గుడ్లు. (తాండూరు కందిపప్పుకి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పప్పు పండే నేల మీదే పప్పు ఉడకని ఇళ్లున్నాయి!) మేం వెళ్లింది నాపరాళ్ల పాలిషింగులో పనిచేసిన ఓ పెద్దాయన ఇంటికి. ఏళ్ల తరబడి రాతి దుమ్ము పీల్చేవాళ్లకి టీబీ ముప్పు మామూలువాళ్లకంటే ఎక్కువ.

ఆయన నా భుజానికున్న సంచీ చూసి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఫొటో వద్దు సారూ. బిడ్డకు సంబంధాలు సూస్తున్నం."

"ఫొటోలు గిట్ల ఏం లెవ్వు పెద్దయ్యా, సారు ఊకెనే వచ్చిండు" అన్నాడు కుర్రాడు.

అప్పుడు గానీ తువ్వాలు దిగలేదు. చూశారా! ఫొటోల మీద బతికే పత్రికవాణ్ణి, నేనే చెబుతున్నాను... ఇక్కడ ఫొటో తియ్యకండి. గుడ్ల ట్రే పట్టుకుని మీరు నవ్వుతూ దిగిన బొమ్మ మీ ఫోన్లోంచి ఊరెక్కితే, ఓ ఆడపిల్ల పెళ్లి ఆగిపోవచ్చు.

రెండో నెలకే దగ్గు తగ్గిందిట ఆయనకి. బాగానే ఉంది గదా అని గోళీలు బంద్ పెట్టబోయాడు. "ఉత్త కడుపుల ఏసుకుంటే కండ్లు తిరుగుతయి బిడ్డా" అన్నాడట. అసలు ప్రమాదం ఇక్కడే. మధ్యలో మానితే రోగం మొండిబారి, మామూలు మందులకి లొంగకుండా పోతుంది. కుర్రాడు పది రోజులు వరసగా పొద్దున్నే వచ్చి, ఆయన నాలుగు ముద్దలు తిని గోళీ మింగేదాకా గడప మీద కూర్చున్నాడు. నన్నడిగితే పళ్లు పంచడం కంటే పెద్ద సేవ ఇది.

తిండి సంగతి తేలిగ్గా తీసెయ్యకండి. జార్ఖండ్‌లో జరిపిన ఓ పెద్ద పరిశోధన 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. రోగికి మాత్రమే ఆహారం ఇచ్చిన ఇళ్లతో పోలిస్తే, ఇంటిల్లిపాదికీ ఇచ్చిన ఇళ్లలో మిగతావాళ్లకి టీబీ రావడం నూటికి 39 వంతులు తగ్గింది. ప్రభుత్వం రోగికిచ్చే పోషణ భత్యం 2024 నవంబరు నుంచి నెలకి వెయ్యి రూపాయలైంది. కానీ పనికి పోలేని మనిషి ఇంట్లో వెయ్యి రూపాయలు ఎన్నాళ్లు!

కాబట్టి ఉత్తరం రాసిన మిత్రుడికి జవాబు. 2022 సెప్టెంబరులో మొదలైన 'నిక్షయ్ మిత్ర' అనే ఏర్పాటుంది. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి టీబీ విభాగంలో అడగండి. సరేనన్న రోగినే మీకు అప్పగిస్తారు. ఒక్కరైనా చేరొచ్చు, సంఘంగానైనా చేరొచ్చు. తక్కువలో తక్కువ ఆర్నెల్లు పోషకాహారం ఇవ్వాలి. మధ్యలో కాల్‌షీటు క్యాన్సిల్ చేస్తామంటే కుదరదు! ఆర్నెల్లంటే ఎంత? ఇరవై ఆరు శుక్రవారాలు. అభిమాన హీరో సినిమా కోసం రెండేళ్లు ఎదురుచూసిన వీరులు మీరు.

బయల్దేరుతుంటే కుర్రాడు పెద్దాయనతో బేరం పెట్టాడు. "దసరాకు గోళీలైపోతయి. తాండూరుల నూన్ షోకు తీస్కపోత, వస్తవా?"

పెద్దాయన కాసేపు ఆలోచించాడు. "పాటలు మంచిగుంటెనే వస్త."