తొర్ర చెట్టు కూడా ఒక పాఠమే

తొర్రపడిన చెట్టు పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదని మన ఊళ్ళలో చాలామంది అంటారు. మేము ఒప్పుకోం. కొమ్మకు వేలాడే పెద్ద తేనెపట్టు అందరికీ కనిపిస్తుంది. తొర్రల్లో, పుట్టల్లో చీకట్లో గూడుపెట్టే తేనెటీగ కనిపించదు. జంతుశాస్త్రంలో దాని పేరు ఎపిస్ సెరానా. ఆ చెట్టు కొడితే దాని ఇల్లు పోయినట్టే.

అలాంటి చీకటిల్లు లోపల ఎలా ఉంటుందో అమెరికాలో థామస్ సీలీ అనే శాస్త్రవేత్త చదివారు. అక్కడి తేనెటీగ వేరే జాతి, ఎపిస్ మెల్లిఫెరా. 1970లలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా చుట్టుపక్కల చెట్లు పడగొట్టి, మొద్దులు చీల్చి, 21 గూళ్ళను విప్పి కొలిచారు. 1976లో ఆ వివరాలు అచ్చయ్యాయి. తొర్రలు చాలావరకు 40 లీటర్లకు అటూ ఇటూ, అంటే మన హాస్టల్ బకెట్లు రెండింటంత. ద్వారం చిన్నది, ఎక్కువగా తొర్ర అడుగువైపు. గూట్లో పైన తేనె, కింద పిల్లలు. ఆ చెట్లు ఆయనకెలా దొరికాయి? పత్రికలో ప్రకటన ఇస్తే ఊరివాళ్ళు చూపించారు!

ఆ చదువుకు చెట్లూ ఈగలూ బలయ్యాయి. 1978లో ఆర్నాట్ అడవిలో దారి మార్చారు. చక్కెర పాకం పెట్టి, తాగిన ఈగ ఎటు పోతోందో, ఎంతసేపటికి తిరిగొస్తోందో చూస్తూ గూళ్ళు పట్టుకున్నారు. 1987లో వర్రోవా అనే నల్లి అమెరికాలో కనిపించి తేనెటీగలను దెబ్బతీసింది. అయినా 2002లో అదే అడవిలో వెతికితే గూళ్ళు తగ్గలేదు. ఆ నల్లి మొదట మన సెరానా మీద బతికిందే. సెరానా దాన్ని తట్టుకోవడం ఏనాడో నేర్చింది.

నీళ్ళ దగ్గర వాలిన ఈగ ఎటు లేచిందో చూసి తొర్ర ఎక్కడుందో చెప్పేవాళ్ళు మన నాన్నల్లో, మేనమామల్లో లేరా? వాళ్ళు చేసేదీ పరిశోధనే. రాసిపెట్టలేదు, అంతే. మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటి తరం మేము. "మా నాన్న తేనె తీస్తాడు" అని క్లాసులో చెప్పడానికి సిగ్గుపడే తమ్ముళ్ళను చూస్తున్నాం. మనం పట్నం చేరి, వాళ్ళు ముసలివాళ్ళై, ఆ తెలివి వాళ్ళతోనే పోతే నష్టం ఎవరికి?

మరి తేనె తీయకపోతే పూట ఎలా గడుస్తుందని అడగొచ్చు. తీయొచ్చు. పైనున్న తేనె భాగం కోసి, పిల్లలున్న పట్టు వదిలేస్తే గూడు నిలబడే వీలుంటుంది. మొత్తం పిండేస్తే వచ్చే ఏడు తేనె ఎక్కడిది?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ సెలవులకు ఒక నోటుబుక్కు పట్టుకెళ్ళండి. పెద్దల వెంట వెళ్ళి, దూరంగా నిలబడి చూడండి. ఏ చెట్టు, ద్వారం ఏ దిక్కు, ఏ నెలలో ఏ పూత మీద ఈగ వాలుతోందో రాయండి. తొర్రలో చెయ్యి మాత్రం పెట్టొద్దు. చెప్పిన పెద్దల పేరు మొదటి పేజీలో రాయండి. వచ్చే వార్షికోత్సవ సంచికలో వాటిని అచ్చు వేయించే బాధ్యత పాత విద్యార్థులుగా మేము తీసుకుంటాం.