“చూసుకుని నడవాలి” అన్న మాట ఇక చాలు

పోయిన సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం ఫోరస్ రోడ్‌లో మన పాత చాల్ ముందు ఏం జరిగిందో మన ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ ఎవరం రాయలేదు. ఊరి నుంచి బస్సులో తెచ్చిన గునుగు పూల ఫొటో పెట్టాం, పెద్దమ్మ పేర్చిన బతుకమ్మ ఫొటో పెట్టాం, తళతళలాడే తాత బండి ఫొటో పెట్టాం. ఆరేళ్ళ పాప పిక్క మీద పడిన మచ్చ గురించి ఒక్క ముక్క లేదు. మళ్ళీ పండగ వస్తోంది. బండిని మళ్ళీ బయటికి తీద్దామని గ్రూపులో మాటలు మొదలయ్యాయి. అందుకే ఇది రాస్తున్నాం. కొందరికి కోపం వస్తది, రానీయండి.

ముందు మా తప్పు మేమే చెప్పుకుంటాం. తాత బండిని రెండేళ్ళు కష్టపడి బాగు చేయించాం. చోర్ బజార్‌లో తిరిగి తిరిగి సామాన్లు తెచ్చాం. సైలెన్సర్ మీద కాలు కాలకుండా ఒక రేకు ఉండేది. అది ఉంటే కొత్తగా వేయించిన క్రోమ్ కనబడట్లేదని తీసేసింది మేమే. పండగ రోజు తమ్ముళ్ళు హాజీ అలీ దాకా ఒక చుట్టు తిప్పుకొచ్చి, గల్లీలో అందరికీ కనబడేలా పైపు వైపు బయటికి పెట్టి నిలబెట్టారు. అప్పుడే ఆడవాళ్ళు బతుకమ్మ చుట్టూ చేరుతున్నారు. ఒక పక్క చేతిబండ్లు, ఇంకో పక్క స్కూటర్లు, మధ్యలో మిగిలిన జాగాలోనే ఆట. చప్పట్లు కొడుతూ పాప ఒక్కో అడుగు వెనక్కి వేస్తోంది.

మేము చూశాం. నోటికి వచ్చింది ఒక్కటే మాట: “బిసి! బిసి!” మా చదువంతా మైసూరులో, కన్నడ మీడియంలో. కన్నడంలో బిసి అంటే వేడి. కంగారులో తెలుగు రాలేదు. పాప బొంబాయిలో పుట్టింది, ఇంగ్లీషు బడిలో చదువుతోంది. దానికి ‘బిజీ’ అన్నట్టు వినబడింది. మా వైపు తిరిగి నవ్వింది. నవ్వుతూనే ఇంకో అడుగు వేసింది.

ఆ తర్వాత అందరి నోటా ఒకటే మాట. “చూసుకుని నడవాలె గదా బిడ్డా!” ఏడుస్తున్న పిల్లకి చెప్పిన మొదటి మాట అది. మా గొడవంతా ఆ మాటతోనే.

మేము బతికేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి. పదిమంది మనుషులు ఒకే చోట ఒకే తప్పు చేస్తే, తప్పు మనుషులది కాదు, ఆ చోటుది అని రాయాలి. మా పనిలో మొదట నేర్చుకునే పాఠం ఇదే. మన ఇంట్లోనే లెక్కపెట్టుకోండి. బాపు పిక్క మీద మచ్చ, చిన్నమ్మ మడమ పైన మచ్చ, ఇద్దరు తమ్ముళ్ళకి చెరొకటి, ఇప్పుడు పాపకి. అన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్నాయి. వీళ్ళందరూ చూసుకోకుండా నడిచారా? పైపు ఉండేదే పిక్క ఎత్తులో. పిల్లలకైతే ఇంకా పైకి తగుల్తది.

రెండో మాట: “మాకూ కాలింది, ఏమైంది? బతకలేదా?” బతికారు. కానీ మచ్చని ముచ్చటగా చెప్పుకోవడం వేరే దేశాల్లోనూ ఉంది. అమెరికాలో షెల్బీ కోబ్రా అనే పాత కారుకి పైపు తలుపు కింద నుంచి పక్కగా పోతుంది. దిగేటప్పుడు పిక్క కాలితే దాన్ని ‘పాము కాటు’ అని గొప్పగా చెప్పుకుంటారు. ఆ కారు నడిపేవాడు తెలిసి ఎక్కాడు, తెలిసి దిగాడు. అతని కాలు, అతని సరదా. మన పాప బండి ఎక్కలేదు, అడగలేదు, దాని వైపు చూడనైనా లేదు. పెద్దవాళ్ళ చర్మం కన్నా పిల్లల చర్మం పలచన. ఒకే వేడి, ఒకే క్షణం తగిలినా వాళ్ళకి లోతుగా కాలుతుంది. డెబ్భై డిగ్రీల దగ్గర ఉన్న ఇనుముని ఒక్క సెకను తాకితే చాలు. అప్పుడే ఆపిన బండి పైపు మీద నీటి చుక్క చుర్రుమందంటే వంద డిగ్రీలు దాటిందనే కదా.

మూడో మాట పెద్దన్నది. ఆయన పాత కార్ల ర్యాలీ ఉందంటే పొద్దున్నే హార్నిమన్ సర్కిల్‌కి పోయేవాడు. “పాతది పాతలాగే ఉండాలి, రేకులు గీకులు పెడితే అందం పోతది” అంటాడు. అన్నా, మీకు ఇష్టమైన కార్ల సంగతే చూడండి. 1965లో షెవ్రొలే కంపెనీ కార్వెట్ కారుకి పక్క పైపులు అమ్మింది. వాటి మీద చీలికలున్న కవర్ వేసే అమ్మింది. అంటే ఆ రేకు తర్వాత ఎవరో తగిలించింది కాదు, అసలు సామానులోనే ఉంది. తాత బండి రేకు కూడా అంతే. దాన్ని పీకిన రోజే మనం పాతదాన్ని పాడు చేశాం.

ఇంకో సంగతి. మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది ఉంది. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో చిక్కుకోకుండా, వెనక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే కవచం బండికి ఉండాలి అంటుంది. “ఆడవాళ్ళు కొంగు చూసుకుని కూర్చోవాలి” అని రాసి ఊరుకోలేదు. కవచం బండికి పెట్టమంది. చీరకి ఇచ్చిన ఆ మర్యాద పిల్ల కాలికి మనం ఇవ్వలేమా?

అరిచి చెప్తే సరిపోతుందనుకునేవాళ్ళకి ఒక మాట. నిజాం ఇలాకా నుంచి కూలికి వచ్చిన మన కామాఠీల పేరుమీదే ఈ కామాఠీపురా. ఈ రోజు ఈ గల్లీల్లో తెలుగు, మరాఠీ, హిందీ, కన్నడ, బెంగాలీ అన్నీ వినబడతాయి. ఏ పిల్లకి ఏ భాషలో అరుస్తారు? అరుపుకి భాష కావాలి. రేకుకి అక్కర్లేదు.

కాబట్టి ఈ పండక్కి బండి బయటికి రావాలంటే మా షరతులు ఇవి.

రేకు మళ్ళీ ఎక్కాలి. పైపుకి అతికినట్టు కాదు, వేలు మందం ఖాళీ వదిలి, చిల్లులున్న స్టీలు రేకు వేయించాలి. అతికిస్తే రేకు కూడా పైపంత వేడెక్కుతుంది. ఇంజిన్ దగ్గరి వంపు దాకా ఉండాలి, ఎక్కువ వేడి అక్కడే. గుడ్డ పట్టీ చుడితే చాలని తమ్ముడు అంటున్నాడు. చాలదు. ఆ పట్టీ పైభాగం కూడా కాలుతుంది, తడి పట్టి లోపల తుప్పు తెస్తుంది.

నిలబెట్టేటప్పుడు పైపు గోడ వైపు ఉండాలి. మన దగ్గర చాలా బండ్లకి సైలెన్సర్ కుడి వైపు. సైడు స్టాండ్ వేస్తే బండి ఎడమకి వాలి, కుడి పైపు ఇంకా పైకి లేస్తుంది. మేము చదువుకున్న మైసూరులోనే తయారైన జావా, యెజ్డీ లాంటి వాటికైతే రెండు పక్కలా పైపులే. గోడ ఒక పక్కే కాస్తుంది, రెండో పక్క రేకే కాయాలి.

ఆటకి గంట ముందే బండి ఆపాలి. ఆ గంటా ఒక పెద్ద మనిషి దాని దగ్గర నిలబడాలి. నడిపినవాడే నిలబడాలి.

ఇంత చేసినా ఎవరికైనా కాలితే, పోయినసారిలా టూత్‌పేస్ట్, కాఫీ పొడి, పసుపు తేవద్దు. ఐస్ కూడా వద్దు. ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళ ధార కింద పెట్టండి. నల్లా వచ్చే వేళ కాకపోతే డ్రమ్ములో నీళ్ళు చెంబుతో పోస్తూనే ఉండండి. వాపు రాకముందే పట్టీలు తీయండి. బట్ట అతుక్కుంటే లాగొద్దు. బొబ్బ చిదమొద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి డాక్టరుకి చూపించండి. నాయర్ ఆస్పత్రి, జె.జె. ఆస్పత్రి రెండూ మనకి దగ్గరే.

తాత ఆ బండి కొన్నది ఫొటోలకి కాదు, ఇంటి మనుషుల్ని ఎక్కించుకు తిరగడానికి. క్రోమ్ కనబడకపోతే ఏం పోదు. పాప మొన్న ఫోన్‌లో అడిగింది, “ఆ బండి ఈసారి కూడా ఉంటదా?” అని. రేకు ఎక్కితే ఉంటుందని చెప్పాం. ఎక్కకపోతే బతుకమ్మ ఉంటుంది, పాప ఉంటుంది, బండి తాళం మా దగ్గర ఉంటుంది.